చిప్పు పోయిందా, చిప్పు మీదికి నెట్టేశారా?

పోయిన సంచికలో పాత కార్ల ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) చిప్పు మార్చి ఇంజిన్ ట్యూన్ చేయడం గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం ఒకటే మాట, ‘చిప్పు పోయినట్టుంది సార్’. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు వాక్యాల్లో చెప్తాను. ఇంజిన్‌కి ఎంత పెట్రోలు పోయాలి, స్పార్కు ఎప్పుడు కొట్టాలి అనే పట్టికలు ఈసీయూలోని మెమరీ చిప్పులో ఉంటాయి. ట్యూనింగ్ అంటే ఆ పట్టికల్లో అంకెలు మార్చి, ఇంకో చిప్పులోకి రాసి (మనవాళ్లు ‘బర్న్ చేయడం’ అంటారు) దాన్ని సాకెట్‌లో గుచ్చడం. బండి సరిగ్గా నడవకపోతే అందరి కళ్లూ ఆ చిప్పు మీదికే పోతాయి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. చిప్పులు పోవని నేను అనను, పోతాయి. కానీ మీరు రాసిన లక్షణాలు చదువుతుంటే చాలామంది విషయంలో తప్పు దానిది కాదని తెలిసిపోతోంది.

ప్రశ్న: నమస్తే అన్నా. నా దగ్గర 1994 హోండా సివిక్ ఈఎక్స్ ఉంది, వీకెండ్ ప్రాజెక్ట్, మా ఆవిడ మాత్రం దాన్ని ‘సవతి’ అంటుంది. ఈసీయూ పీ28. సాకెట్టు, 373 ఐసీ అన్నీ నేనే సోల్డర్ చేశాను. రెండు 27ఎస్‌ఎఫ్512 చిప్పులు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒకటి నేను రాశాను, పెట్టిన రోజు నుంచి చెక్ ఇంజిన్ లైటు ఆరదు, ప్రోగ్రామర్‌లో (చిప్పుని రాసే, చదివే పరికరం) వెరిఫై చేస్తే మాత్రం ఓకే అంటుంది. రెండోది ఫ్రెండ్ రాసిచ్చాడు, అది మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచి ఇప్పుడు బండి తీసిన ఇరవై నిమిషాలకి లైటు వెలిగి దగ్గుతోంది, ఆపి కాసేపాగితే మళ్లీ మామూలే. రెండూ డూప్లికేట్ అనుకుంటున్నా. ఏ కంపెనీవి కొనమంటారు? (ఎడిసన్, న్యూజెర్సీ)

ఏమీ కొనకండి. మీకు ఉన్నవి రెండు వేరు వేరు జబ్బులు, చూడబోతే రెండింట్లోనూ చిప్పులు నిర్దోషులే.

మొదటి చిప్పు సంగతి. ప్రోగ్రామర్‌లో వెరిఫై ఓకే అంటే దాని అర్థం ఒక్కటే, మీరు రాయమన్నది రాయమన్న చోట రాసింది అని. ఆ చోటు సరైనదా కాదా దానికి తెలీదు. పీ28 బోర్డు 27సీ256 అనే 32 కిలోబైట్ల చిప్పు కోసం తయారైంది, మీరు పెట్టింది 64 కిలోబైట్ల చిప్పు. 27సీ256లో ఒకటో కాలు ప్రోగ్రామింగ్ వోల్టేజిది, చదివేటప్పుడు దానికి పని లేదు కాబట్టి బోర్డులో దాన్ని 5 వోల్టులకి కట్టేశారు. 27ఎస్‌ఎఫ్512లో అదే ఒకటో కాలు ఏ15, అంటే అన్నిటికంటే పెద్ద అడ్రసు లైను (ఏ గదిలోది చదవాలో చిప్పుకి చెప్పే తీగ). అది ఎప్పుడూ 5 వోల్టుల్లో ఉంటే ఈసీయూకి ఆ చిప్పులో పై సగం మాత్రమే కనబడుతుంది, కింది సగం ఉన్నట్టే తెలీదు. మీరు ఫైలుని సున్నా నుంచి రాసి ఉంటారు, పై సగం అంతా ఖాళీ. ఖాళీ చిప్పంటే ప్రతి బైటూ ఎఫ్‌ఎఫ్, అంటే ఎనిమిది బిట్లూ 1. ఈసీయూ చదివితే అన్నీ ఎఫ్‌ఎఫ్‌లే, ఇక లైటు ఆరమంటే ఎందుకు ఆరుతుంది?

ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ తెరిచి ఫైలుని హెక్స్ (పదహారు లెక్కన రాసే అంకెలు) 8000 దగ్గర్నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా, అంటే పై సగంలోకి, లోడ్ చేసి మళ్లీ రాయండి. ఆ లెక్కలు తలనొప్పి అనుకుంటే అదే ఫైలుని రెండుసార్లు, కింద ఒకటి పైన ఒకటి, రాసేయండి, ఏ సగం చదివినా అదే దొరుకుతుంది. నేనైతే ఇలాగే చేస్తాను, రాత్రి పదకొండింటికి హెక్స్ అంకెలు నమ్మదగినవి కావు. కీ తిప్పగానే లైటు రెండు సెకన్లు వెలిగి ఆరిపోతే, పెట్రోలు పంపు బుయ్యిమని ఒక్కసారి తిరిగి ఆగితే, చిప్పు చదవబడుతున్నట్టు.

ఇక రెండోది. మూడు వారాలు నడిచింది కాబట్టి ఫైలు బాగుంది, రాసిన చోటు బాగుంది. వేడెక్కాకే వస్తోంది. మీరు ‘ఇంజిన్ వేడి’ అనుకుంటున్నారేమో, మీ సివిక్‌లో ఈసీయూ బానెట్ కింద ఉండదు కదా, పక్క సీటులో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర ప్యానెల్ వెనక ఉంటుంది. దానికి తగిలే వేడి దాని సొంత వేడీ, చలికాలమైతే కాళ్ల మీదికి వదిలే హీటరు గాలీ. ఆ కొంచెం వేడికి చిప్పు చచ్చిపోవడం అరుదు. ఆ కొంచెం వేడికే విడిపోయేది సరిగ్గా పట్టని సోల్డరు, దీన్నే ‘డ్రై సోల్డర్’ అంటాం, పైకి అతికినట్టే ఉంటుంది, లోపల వెంట్రుకంత సందు. పాతికేళ్లు దాటిన బోర్డు, అందులో ఫ్యాక్టరీవాళ్లు రంధ్రాలన్నీ సోల్డరుతో నింపేసి పంపిన చోటు, మీరు దాన్ని పీకి శుభ్రం చేసి సాకెట్ పెట్టారు. ఎక్కడో ఒక రంధ్రంలో పైపొర లేచి ఉండొచ్చు.

పట్టుకునే పద్ధతి ఇది. ఈసీయూ మూత తీసి బయటికి వేలాడదీసి (బాడీ ఇనుముకి తగలకుండా కింద ఒక గుడ్డ పెట్టండి) ఇంజిన్ స్టార్ట్ చేయండి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి ముందు 373 ఐసీ వైపు, తర్వాత సాకెట్ వైపు, తర్వాత చిప్పు మీద, ఒక్కోదానికి రెండు నిమిషాలు, మధ్యలో చల్లారనిచ్చి. అట్టముక్కతో పక్క భాగాలకి గాలి తగలకుండా అడ్డం పెట్టండి. దేని మీద పెట్టినప్పుడు దగ్గిందో అక్కడే దొంగ ఉన్నాడు. తర్వాత ప్లాస్టిక్ పుల్లతో (పాత పెన్ను గొట్టం చాలు) మెల్లగా నొక్కి చూడండి, చిప్పు ఒక మూల నొక్కితే బాగుపడి వదిలితే చెడిపోతోందంటే సాకెట్ లేదా దాని సోల్డరు. 373 మీద నాకు ఎక్కువ అనుమానం, ఎందుకంటే ఈ బోర్డులో ప్రాసెసరు కింది ఎనిమిది అడ్రసు లైన్లనీ డేటా లైన్లనీ ఒకే తీగల మీద వంతులవారీగా పంపుతుంది, వాటిని విడదీసి అడ్రసుని పట్టి ఉంచేది 373. దాని ఒక్క కాలు వదులైతే చిప్పు తప్పు గదిలోంచి సమాధానం ఇస్తుంది, అదీ చాలా ధీమాగా. సి51, సి52 చోట్లలో పెట్టాల్సిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టారా లేదా కూడా చూసుకోండి, అవి లేకపోయినా ఒక్కోసారి బండి నడుస్తుంది, అదే అసలు సమస్య, నడుస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు.

అయినా తేలకపోతే మల్టీమీటరుతో సాకెట్టు 28వ కాలుకీ 14వ కాలుకీ మధ్య కీ ఆన్‌లో 5 వోల్టులు వస్తున్నాయా చూసి, కీ ఆపి బ్యాటరీ తీసేసి, సాకెట్‌లో పక్కపక్క కాళ్ల మధ్య షార్టు ఉందేమో వెతకండి. 3 నుంచి 10 దాకా ఉన్న కాళ్లు 373 వైపుకీ, 11, 12, 13, 15 నుంచి 19 దాకా ఉన్నవి డేటా లైన్లకీ పోవాలి, ప్రతిదానికీ బీప్ రావాలి. విసుగు పని, గంట పడుతుంది.

ఇంకో మాట, ఇది నా సొంత అవమానం. చాలా ఏళ్ల కిందట ఒక బోర్డుతో రెండు రోజులు కుస్తీ పట్టాను, మూడు చిప్పులు మార్చాను, ఫైలు నాలుగుసార్లు మార్చాను. చివరికి మా తమ్ముడు టీ తాగుతూ వచ్చి, ‘ఒక కాలు లోపలికి ముడుచుకుంది చూడు’ అన్నాడు. సాకెట్‌లోకి పోకుండా చిప్పు కడుపు కిందకి మడిచిపోయింది, పైనుంచి చూస్తే అన్నీ నిటారుగా ఉన్నట్టే కనబడ్డాయి. కొత్త చిప్పుల కాళ్లు కొంచెం విచ్చుకుని వస్తాయి, టేబులు మీద పక్కకి పడుకోబెట్టి మెల్లగా వంచి సూటిగా చేశాకే గుచ్చాలి. తిరగేసి మాత్రం పెట్టకండి, గాడి ఉన్న వైపు చూసుకోండి, తిరగేస్తే 28కీ 14కీ పొత్తు మారి కరెంటు ఎదురెక్కుతుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అప్పుడు నిజంగానే చిప్పు పోయినట్టు.

ఈ గొడవ తేలేదాకా ఆ బండిని హైవే మీద తొక్కకండి. పట్టికలో ఒక్క బిట్టు తప్పు చదివినా సరిపోతుంది. స్పార్కు టైమింగ్‌ని పావు డిగ్రీ లెక్కన దాచుకునే పట్టిక అనుకుందాం, బైటులో పెద్ద బిట్టు విలువ 128, అది పొరపాటున మారితే 32 డిగ్రీల తేడా. పూర్తి లోడులో అంత ముందుకి స్పార్కు కొడితే పిస్టన్ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: 27ఎస్‌ఎఫ్512 దొరక్క 28సీ256 కొన్నాను, ఇదీ 32 కిలోబైట్లే, 28 కాళ్లే, కాబట్టి సరిపోవాలిగా? లైటు ఆరట్లేదు. (డల్లాస్, టెక్సస్)

సరిపోదు. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, కాళ్లు వేరు. 27సీ256లో ఏ14 అడ్రసు 27వ కాలు మీద ఉంటుంది. 28సీ256లో ఏ14 ఒకటో కాలు మీద, 27వ కాలు మీద రాసే సిగ్నలు. మీ బోర్డులో ఒకటో కాలు 5 వోల్టులకి కట్టి ఉంది, అంటే ఏ14 ఎప్పుడూ 5 వోల్టుల్లోనే. అంతకంటే ప్రమాదం, బోర్డు పంపే అడ్రసు సిగ్నలు పోయి రాసే కాలుకి తగులుతుంది. అడాప్టరు చేసుకుని ఆ రెండు కాళ్లూ మారిస్తే వాడొచ్చు. అంత కష్టం ఎందుకంటే ఏటీ29సీ256 వెతకండి, దాన్లో రాసే కాలు ఒకటో నంబరు, ఏ14 27వ నంబరు, కాబట్టి ఇదే సాకెట్‌లో నేరుగా కూర్చుంటుంది, పైగా 32 కిలోబైట్లే కాబట్టి పైన చెప్పిన 8000 గొడవ లేదు, సున్నా నుంచి రాసుకోవచ్చు.

ప్రశ్న: గురువుగారూ, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్‌లో మా కారు సీట్ల పై దాకా మునిగింది. ఇంజిన్ పని చేయించారు, స్టార్టర్ తిరుగుతోంది, బండి మాత్రం అందుకోదు, తాళం బొమ్మ లైటు మెరుస్తూ ఉంటుంది. ఆటోనగర్‌లో చూపిస్తే ‘ఈసీఎంలో (అదే ఈసీయూలో) మెమరీ పోయింది, సెకండ్ హ్యాండ్ ఈసీఎం వేద్దాం, పాతది ఇచ్చేయండి’ అంటున్నారు. ఇచ్చేయనా? (విజయవాడ)

ఇవ్వకండి. మీ పాత ఈసీఎం బోర్డు మొత్తం చెడిపోయినా అందులో ఒక ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు ఉంటుంది, 24, 93 లేదా 95 అంకెతో మొదలయ్యే పేరు దాని మీద ఉంటుంది. మీ తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ సమాచారం చాలా బండ్లలో దాన్లోనే ఉంటుంది. స్క్రాప్ నుంచి తెచ్చిన ఈసీఎం వేరే బండిది, వేరే తాళానికి అలవాటుపడింది, అది మీ తాళాన్ని చూసి బండిని స్టార్ట్ కానివ్వదు. పాత చిప్పులోని డేటా (షాపులో ‘డంపు’ అంటారు) కొత్తదాంట్లోకి ఎక్కిస్తేనే పని అవుతుంది. పాతది ఇచ్చేశాక ఆ డేటా ఎక్కడినుంచి తెస్తారు?

నీళ్లలో మునిగినంత మాత్రాన ఆ చిప్పులో డేటా పోదు. అది నల్ల ప్లాస్టిక్‌లో పోత పోసి ఉంటుంది, నీళ్లు పట్టేది కాళ్లకి. వరద నీళ్లంటే బురదా డ్రైనేజీ కలిసిన నీళ్లు, ఆరిపోయాక కాళ్ల మధ్య పచ్చటి చిలుము పడుతుంది, దాంతో కరెంటు ఒక కాలు నుంచి ఇంకో కాలుకి పాకుతుంది, ప్రాసెసరు అడిగినదానికి చెత్త సమాధానం వస్తుంది. దాన్ని చూసే ‘మెమరీ పోయింది’ అనేస్తారు. ముందు బోర్డుకి బ్యాటరీ ఇవ్వడం ఆపించండి. మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించండి, పూర్తిగా ఆరాక అప్పుడు చదివించండి.

చదివేటప్పుడు రెండు చోట్ల మోసపోతారు. చిప్పు బోర్డు మీద ఉండగానే క్లిప్పు తగిలించి చదువుతారు, తప్పేం లేదు, కాకపోతే క్లిప్పులోంచి ఇచ్చే కరెంటు చిప్పుకే కాకుండా చుట్టూ ఉన్న సర్క్యూట్‌కీ పోతుంది, ఒక్కోసారి ప్రాసెసరు కూడా లేచి కూర్చుని అదే చిప్పుతో మాట్లాడ్డం మొదలెడుతుంది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏం వినబడుతుంది? కాబట్టి మూడుసార్లు చదివించండి, మూడు ఫైళ్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. తేడా వస్తే చిప్పు విప్పి బయట చదవాలి. మూడు ఫైళ్లూ ఒకేలా ఉండి అన్నీ ఎఫ్‌ఎఫ్‌లో అన్నీ సున్నాలో అయితే సంతోషించకండి, క్లిప్పు తగల్లేదని అర్థం. రెండో మోసం 93 సిరీస్ చిప్పుల్లో. వాటికి ఒక కాలు ఉంటుంది, దాన్ని బట్టి 8 బిట్లుగానో 16 బిట్లుగానో చదవాలి. తప్పు పద్ధతిలో చదివితే బైట్లు జంటలు జంటలుగా తారుమారవుతాయి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. చూడ్డానికి డేటా బాగానే ఉన్నట్టుంటుంది, ఎక్కిస్తే పని చేయదు. ఛాసిస్ నంబరు డంపులో ఉంటే అది సరిగ్గా చదవబడుతోందా చూడమనండి, అక్షరాలు జంటల్లో తిరగబడి ఉంటే దొరికినట్టే.

తెచ్చే సెకండ్ హ్యాండ్ ఈసీఎం మీద పార్టు నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ మీదాంతో సరిపోవాలి. మంచి షాపువాళ్లు ఆర్సీ అడుగుతారు, విసుక్కోకండి, తాళం డేటా కాపీ చేసే పని కదా, అడక్కుండా చేసేవాళ్ల దగ్గరే భయపడాలి.

ప్రశ్న: 1989 బీఎండబ్ల్యూ 325ఐ కొన్నాను. పాత ఓనర్ ఎవరితోనో ట్యూన్ చేయించాడు, చిప్పు మీద గాజు కిటికీ ఉంది, స్టిక్కరు ఊడిపోయింది. బండి ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఐడిల్‌లో వణుకుతుంది. చిప్పు తీసి చదివితే ఒక్కోసారి ఒక్కో ఫైలు వస్తోంది. ఈ ట్యూన్ ఇంకెక్కడా దొరకదు, కాపాడే దారి ఉందా? (మెల్‌బోర్న్)

ఇన్ని ఉత్తరాల్లో నిజంగా చిప్పుకే జబ్బు చేసింది మీకొక్కరికే, ఒక రకంగా అభినందనలు.

గాజు కిటికీ ఉన్నదాన్ని ఈప్రామ్ అంటారు, 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన జాతి. దాన్లో ప్రతి బిట్టూ ఒక చిన్న గిన్నె అనుకోండి. గిన్నెలో ఎలక్ట్రాన్లు నింపితే 0, ఖాళీగా ఉంటే 1. అతినీలలోహిత కాంతి ఆ కిటికీలోంచి పడితే గిన్నెలు ఖాళీ అవుతాయి, చెరపడానికి వాడేది అదే, దీపం కింద పెడితే ఇరవై నిమిషాల పని. దీపం అక్కర్లేకుండా కూడా జరుగుతుంది, తయారీదారుల డేటాషీట్లలోనే రాసి ఉంటుంది, నేరు ఎండలో వారం, ట్యూబులైటు వెలుగులో దాదాపు మూడేళ్లు. అందుకే స్టిక్కరు. మీ చిప్పులో కొన్ని గిన్నెలు కారి సగానికి వచ్చాయి, అవి ఒకసారి 0గా, ఒకసారి 1గా కనబడుతున్నాయి.

కాపాడ్డానికి పనికొచ్చే సంగతి ఏమిటంటే, గిన్నె కారుతుందే గానీ దానంతటది నిండదు. 0 కాస్తా 1 అవుతుంది, 1 ఎప్పుడూ 0 కాదు. కాబట్టి రెండుసార్లు చదివినప్పుడు ఏ బిట్టు దగ్గర తేడా వచ్చిందో అక్కడ 0 చెప్పినదే అసలు నిజం. పదిసార్లు చదివి, అన్ని ఫైళ్లనీ బిట్టు బిట్టుకీ ‘యాండ్’ చేయండి, అంటే ఒక్క ఫైలులో 0 ఉన్నా 0 అని తీసుకోవడం. (చదివేటప్పుడు కాలు సరిగ్గా తగలక వచ్చిన తప్పు ఇందులో కలిస్తే అంతా పాడవుతుంది, ముందు చిప్పు కాళ్లు శుభ్రం చేయండి.) ఇంకో చిట్కా, ప్రోగ్రామర్‌లో చిప్పుకిచ్చే వోల్టేజి తగ్గించే వీలుంటే 5 నుంచి 4.5కి, కుదిరితే ఇంకొంచెం కిందికి దించి చదవండి. వోల్టేజి తగ్గితే సగం నిండిన గిన్నె కూడా నిండుగానే కనబడుతుంది. 5.5 పెట్టి చదివితే దీనికి రివర్సు, ఏ బిట్లు బలహీనంగా ఉన్నాయో బయటపడుతుంది. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వచ్చిన చోట్లన్నీ మీ రోగి జాబితా.

వచ్చిన ఫైలుని కొత్త 27సీ256లో రాయండి. కొత్తదానికి స్టిక్కరు వెయ్యడం మర్చిపోకండి, మామూలు తెల్ల కాగితం కాకుండా వెండి రేకు లాంటిదైతే మంచిది. పాత చిప్పుని పారేయకుండా నల్ల కవర్‌లో దాచండి, అవసరం పడొచ్చు.

ప్రశ్న: సార్, నేను బీటెక్ మూడో సంవత్సరం. కోఠి గుజరాతీ గల్లీలో కొందామంటే ఒకరు ఒరిజినల్ అంటారు, ఒకరు పుల్డ్ అంటారు, ఆన్‌లైన్‌లో ఇంకా చవక. నకిలీ చిప్పు ఎలా పట్టాలి? (హైదరాబాద్)

తమ్ముడూ, ముందు రెండు మాటలు వేరు చెయ్. పుల్డ్ అంటే పాత బోర్డుల నుంచి పీకినది, కాళ్లకి సోల్డరు ఆనవాళ్లు ఉంటాయి, అది నకిలీ కాదు, చవగ్గా బాగానే పని చేస్తుంది. నకిలీ అంటే పాత పేరు గీకేసి కొత్త పేరు అచ్చేసినది. 27ఎస్‌ఎఫ్512 తయారీ ఆగిపోయి చాలాకాలమైంది, చేసిన ఎస్‌ఎస్‌టీ కంపెనీని 2010లో మైక్రోచిప్ కొనేసింది, కాబట్టి ‘బ్రాండ్ న్యూ’ అని వందలకొద్దీ దొరుకుతున్నాయంటే నువ్వే ఆలోచించు.

దూదికి అసిటోన్ అద్ది పేరు మీద రుద్దు, అచ్చు చెదిరిపోతే అనుమానించు. కానీ అసలు పరీక్ష ప్రోగ్రామర్‌లో ‘రీడ్ ఐడీ’. చిప్పు లోపల కంపెనీ నంబరు, మోడల్ నంబరు ఉంటాయి, గీకినా పోవు. 27ఎస్‌ఎఫ్512 అయితే బీఎఫ్, ఏ4 అని రావాలి. విన్‌బాండ్ డబ్ల్యూ27సీ512 అయితే డీఏ, 08. ఏటీ29సీ256 అయితే 1ఎఫ్, డీసీ. ఇంకేదో వస్తే పేరు ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది. ఐడీ సరిపోలట్లేదని ప్రోగ్రామర్ అంటే ‘చెక్ ఐడీ’ టిక్కు తీసేసి రాసేవాళ్లు ఉన్నారు, అలా చేయకు.

నకిలీ అని తిట్టేముందు ఇంకొకటి చూసుకో. డబ్ల్యూ27సీ512ని కరెంటుతోనే చెరపాలి, దానికి 14 వోల్టులు కావాలి. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే చవక ప్రోగ్రామర్లు ఆ 14 దాకా చేరలేక చతికిలపడితే సగం బిట్లు చెరుగుతాయి, సగం చెరగవు. బ్లాంక్ చెక్ పెట్టు, అన్నీ ఎఫ్‌ఎఫ్ రాకపోతే డెస్క్‌టాప్ వెనక పోర్టుకో, సొంత కరెంటు ఉన్న హబ్‌కో మార్చి చూడు, చెరిపేటప్పుడు మల్టీమీటరు పెట్టి కొలువు.

చిప్పు చెరిగింది, ఐడీ సరిపోయింది, ఇక సామర్థ్యం చూడాలంటే ప్రతి అడ్రసులోనూ ఆ అడ్రసు నంబరుతోనే చేసిన విలువ రాయి, పై బైటునీ కింది బైటునీ ‘ఎక్సార్’ (రెండు బిట్లూ వేరైతే 1, ఒకటే అయితే 0) చేస్తే చాలు. చదివినప్పుడు ఏదైనా అడ్రసు లైను చచ్చి ఉంటే ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది, ఎన్ని బైట్లకోసారి వస్తోందో చూస్తే ఏ లైనో తెలిసిపోతుంది. 32 కిలోబైట్ల చిప్పుని గీకి 64 అని అమ్మినా ఇక్కడే దొరుకుతుంది, పై సగం కింది సగానికి నకలులా ఉంటుంది. ఇవేవీ చూడకుండా పది పది చిప్పులు కొంటూ పోతే ఆఖర్న చేతిలో మిగిలేది చిప్పు కాదు, చిప్ప.

ప్రశ్న: ఒకే చిప్పుని ఎన్నిసార్లు చెరిపి రాయొచ్చు? మా డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) రోజున ముప్పై నలభైసార్లు రాస్తాం. (శాన్ హోసే, కాలిఫోర్నియా)

27ఎస్‌ఎఫ్512కి డేటాషీట్ మాట ప్రకారం కనీసం వెయ్యి. మీ లెక్కన పాతిక డైనో రోజులు, చిప్పు కంటే ముందు సాకెట్టే అరిగిపోతుంది, అన్నిసార్లు పీకి గుచ్చితే ఆ రేకులు వదులైపోతాయి. డైనో మీద ట్యూన్ చేసేటప్పుడు ఎమ్యులేటర్ వాడండి, చిప్పు స్థానంలో కూర్చుని ల్యాప్‌టాప్ నుంచి నేరుగా మార్చుకోనిస్తుంది, ఆఖర్న ఒక్కసారి చిప్పుకి రాసుకోండి.

అరుగుదల నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే మీ ఊరి చుట్టుపక్కలే ఉదాహరణ ఉంది. టెస్లా పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల స్క్రీన్ వెనక కంప్యూటర్‌లో 8 గిగాబైట్ల ఫ్లాష్ చిప్పు ఉండేది, ఒక్కో గదికి దాదాపు 3,000 రాతల ఆయుష్షు. బండి నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి రాసుకుంటూ పోయి ఐదారేళ్లకి అది నిండుకునేది, వెనక కెమెరా బొమ్మ, అద్దం మంచు తుడిచే బటన్లు పోయేవి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో 1,34,951 కార్లని దీనికోసం వెనక్కి పిలిచారు. ఇంజిన్ పట్టికల చిప్పుకి ఆ బాధ లేదు, నడిచేటప్పుడు దాన్ని చదవడమే తప్ప రాయడం ఉండదు.

ప్రశ్న: మా డీజిల్ కారుకి ఓబీడీ పోర్టులోంచి (స్కానర్ తగిలించే చోటు) రీమ్యాప్ (ఈసీయూ పట్టికలు మార్చి రాయడం) చేయించాను. మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయింది, ఇప్పుడు బండి స్టార్ట్ కాదు, స్కానర్ కూడా పలకట్లేదు. చిప్పు కాలిపోయిందంటున్నారు. (గుంటూరు)

కాలదు. పాత ప్రోగ్రామ్ చెరిపేసి కొత్తది సగం రాసేసరికి ఆగింది, ఈసీయూకి ఇప్పుడు బుర్రలో సగమే ఉంది. ఈసీయూని విప్పి బెంచ్ మీద పెట్టి బూట్ మోడ్‌లో (లోపలి ప్రోగ్రామ్ లేకపోయినా రాయనిచ్చే దారి) తిరిగి రాయగలిగినవాళ్లకి చూపించండి, అసలు ఫైలు బ్యాకప్ తీసుకున్నారా అని మీకు రీమ్యాప్ చేసినవాళ్లని నిలదీయండి. తీసుకోకపోతే మళ్లీ వాళ్ల దగ్గరికి పోకండి. రాసేటప్పుడు బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచారా అని కూడా అడగండి, కీ ఆన్‌లో ఫ్యాన్లూ లైట్లూ తాగుతుంటే బ్యాటరీ దిగి మధ్యలో ఆగిపోయే కేసులు చాలా చూశాను. ఇంకా, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు, వారంటీ ఉన్న బండి అయితే షోరూముకి వెళ్లేముందు ఆ సంగతి ఆలోచించుకుని వెళ్లండి.